పెనం దించే మాట

గాజులపేట, నిజామాబాద్
17 సెప్టెంబరు 1967

తమ్ముడు రామ్‌దాస్‌కు,

అక్క తారాబాయి ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం ఆనవాయితీ గానీ, ఆ మాట రాయబోతే కలం కాసేపు ఆగింది. అవ్వ బాగానే ఉంది. బాగానే అంటే, నువ్వు బస్సులోంచి ఎత్తుకుని దించిన రోజు కంటే చాలా నయం. కుడికాలు కదులుతోంది. గోడ పట్టుకుని వాకిలి దాకా నడుస్తోంది. కుడిచెయ్యి మాత్రం ఇంకా చెప్పినట్టు వినడం లేదు. ఎడమ చేత్తో అన్నం తింటోంది. కన్నకూతురినైన నేను కలిపి పెడతానన్నా మూతి తిప్పుకుంటోంది. ఆ మూతి తిప్పడం చూశాకే నాకూ మీ బావకూ ధైర్యం వచ్చింది.

మాటే ఇబ్బంది పెడుతోంది. పక్షవాతం దెబ్బ తగిలింది తలలో మాటలుండే చోటట. మాటలెక్కడికీ పోలేదమ్మా, వాటి దగ్గరికి పోయే దారి మూసుకుపోయింది అన్నాడు డాక్టరు గారు. దువ్వెన కావాలంటే కొడవలి అంటుంది. తప్పన్నానని తనకే తెలుసు, తెలిసి నుదురు కొట్టుకుంటుంది. ఏ పేరూ దొరక్కపోతే 'అది' అన్నట్టు 'గది' అంటుంది. చెంబు గది, చాప గది, పక్కింటావిడ కూడా గది. నిన్న "గది తే బిడ్డా, గది" అంటే ఇంట్లో ఉన్న సామానంతా ఒక్కొక్కటే తెచ్చి ముందు పెట్టాను. తీరా చూస్తే ఆమెకు కావలసింది కిటికీ తెరవడం. ఇద్దరం కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వుకున్నాం. నవ్వుకు మాటలు అక్కర్లేదు కాబట్టి సరిపోయింది.

ఒకటో తరగతి పిల్లలకు చూపించే బొమ్మల పటం బడి నుంచి తెచ్చి గోడకు తగిలించాను. ఆవు, ఇల్లు, ఉడుత. అవ్వ ఆ పటాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి గోడవైపు తిరిగి పడుకుంది. నేను పంతులమ్మనని ఊరికి గొప్ప గానీ అవ్వకు కాదు కదా. అయినా నా పంతం నాది. కార్తీకంలో మీరు మొదటి బెల్లం పెనం ఎక్కించే నాటికి అవ్వ మాట అవ్వకు తెచ్చి పంపుతాను.

బాపు వేళకు తింటున్నాడా? నీ భార్య గంగమణికి నా దీవెనలు చెప్పు.

అక్క,
తారాబాయి


మోస్రా
23 సెప్టెంబరు 1967

అక్కకు,

దండాలు. నీ ఉత్తరం అందింది, రెండుసార్లు చదివి బాపుకు వినిపించాను. మూతి తిప్పిందన్న దగ్గర బాపు మళ్లీ చదవమన్నాడు.

బాపు వేళకు తింటున్నాడా అని అడిగావు. తింటున్నాడు, కానీ అవ్వ సంగతి నన్ను అడగడు. ఎద్దును అడుగుతాడు. గడ్డి వేస్తూ "ఏందిరా, మీ అవ్వ కండ్లవడ్తలేదని బెంగ వెట్టుకున్నవా" అంటాడు. అని నా వైపు చూస్తాడు. నేను ఎద్దుకు జవాబు చెప్పాలి. గంగమణికి ఇది చూసి నవ్వాగదు.

చెరుకు ఏపుగా ఉంది. రోడ్డు పక్క మడి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి రాయించింది కదా, అది బండ్ల మీద పోతుంది. బావి కింద మడి ఎప్పటిలాగే మన బెల్లానికి. మొదటి పెనం బెల్లం కార్తీక పున్నమి జాతరకు లింబాద్రి గుట్టకు చేరాలన్నది తాత మొక్కు. తప్పితే బాగుండదు.

నీకు తెలియంది కాదు గానీ బావకు చదివి వినిపిస్తావు కాబట్టి రాస్తున్నాను. బావ ఏర్గట్ల పసుపు కొమ్ముల మనిషి, ఆయనకు బెల్లం సంగతేం తెలుసు. పాకం దగ్గరపడే వేళకు పెనం కడియాల్లో కట్టెలు దూర్చి నలుగురం నిలబడతాం. ముందు బాపు, ఆయన భుజం లేస్తే మా భుజాలు లేవాలి. ఆవిరికి ముఖాలకు తుండుగుడ్డలు చుట్టుకుంటాం, ఎదుటి మనిషి కనబడడు. చెవులే ఆధారం. అవ్వ పక్కన పీట మీద కూర్చుని పాకం చుక్క నీళ్లలో వేసి వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. పదునుకు రాగానే ఒక్కటే మాట, "దించుండ్రి." రెప్పపాటు ముందు దించితే బెల్లం గట్టిపడదు, రెప్పపాటు ఆలస్యమైతే మాడుతుంది. ఆ మాట ఒక్కసారి కూడా అటూ ఇటూ కాలేదు. బోధన్ అంగడిలో మన బెల్లాన్ని చంద్రవ్వ బెల్లం అంటారే తప్ప బాపు పేరు ఎవరూ చెప్పరు. దానికి బాపుకు ఎంత గర్వమో నీకు తెలుసు. "నేను మోసెటోణ్ణే, చెప్పెటిది ఆమె" అని నలుగురిలో అంటాడు.

అందుకే అడుగుతున్నాను. దువ్వెన పేరు రాకపోతే పోయింది, కొడవలితో దువ్వుకోదు కదా. పెనం దగ్గర మాట వస్తుందా, రాదా? నిజం రాయి.

తమ్ముడు,
రామ్‌దాస్


(కార్డు)

నిజామాబాద్
3 అక్టోబరు 1967

రామ్‌దాస్,

తొందరలో రాస్తున్నాను. ఇవాళ డాక్టరు గారు అవ్వను పరీక్ష చేశాడు. చెంచా, తాళంచెవి, దీపం చూపించి పేర్లడిగాడు. కొన్ని చెప్పింది, కొన్ని రాలేదు. నా పేరు, నీ పేరు వెంటనే చెప్పింది. భర్త పేరేమిటమ్మా అంటే మాత్రం ఎంతసేపటికీ నోరు మెదపలేదు, తల వంచుకుంది. ముందు దగ్గరివాళ్ల పేర్లు మరుపున పడడం కూడా ఉంటుందన్నాడు. నాకు మనసు మనసులో లేదు. బాపుకు నెమ్మదిగా చెప్పు.

తారాబాయి


మోస్రా
8 అక్టోబరు 1967

అక్కకు,

బాపుకు నెమ్మదిగా చెప్పమని రాశావు. చెప్పే భాగ్యం నాకు దక్కలేదు. ఎవరైనా ఇలాంటి సంగతి కార్డు మీద రాస్తారా? మన ఊళ్లో కార్డు అంటే దండోరా. పోస్టు సాయన్న సంచీలో ఉన్న కార్డులన్నీ తన పేరున వచ్చినట్టే చదువుకుంటాడని నీకు తెలుసు. నేను మడిలో ఉన్నాను. బాపు ముత్యం హోటల్ దగ్గర చాయ్ తాగుతూ, మా ఇంటామె కోలుకుంటున్నది, ఈ ఏడు కూడా పాకం ఆమెదే అని చెబుతున్నాడట. సరిగ్గా అప్పుడు సాయన్న వచ్చి, "రాజలింగన్నా, నీ బిడ్డ కార్డు వచ్చింది" అని అందరి ముందూ చదివేశాడు. చివరి ముక్క చదివాక గానీ ఏం చదివాడో ఆయనకే అర్థం కాలేదు.

బాపు మిగిలిన చాయ్ అక్కడే పెట్టి ఇంటికి వచ్చాడు. దొడ్లో కడిగి పెట్టిన పెనాన్ని ఒక్కడే ఎత్తి బోర్లించాడు. నలుగురం మోసే పెనం అక్కా అది. గంగమణి పరుగెత్తి వచ్చి నడుము పట్టేస్తుందని మొత్తుకున్నా వినలేదు. "అందరు యాదికున్నరు. మొదలు నన్నే మరిసింది" అన్నాడు. ఆ తర్వాత, ఈ ఏడు పొయ్యి ముట్టించేది లేదు, బావి కింద చెరుకు కూడా ఫ్యాక్టరీకే పోతుందని చెప్పాడు.

తాత మొక్కు ఏం కావాలి? వర్ని నుంచి లింబయ్యను పిలిపిస్తానన్నాను. పాకం చూడటంలో అతనికీ పేరుంది. బాపు నన్ను కొట్టడం ఒక్కటే తక్కువ. అవ్వ ఉండగా ఆ పీట మీద ఇంకో మనిషి కూర్చోవడమా అని కళ్లెర్ర చేశాడు. ఆమె మరిచిందని ఈయన కోపం, ఆమె పీట ఎవరికీ ఇవ్వనని మళ్లీ ఈయన పట్టుదల. నేను ఎటు చావాలి?

ఎద్దును కూడా ఇప్పుడేమీ అడగడం లేదు.

రామ్‌దాస్


నిజామాబాద్
13 అక్టోబరు 1967

రామ్‌దాస్‌కు,

దసరా దీవెనలు. కార్డు సంగతికి వస్తే, ఆ రోజు ఇన్లాండు దొరకలేదు, కార్డే దొరికింది. దానికి నువ్వు నాకు రెండు పేజీల పాఠం చెప్పనవసరం లేదు. పాఠాలు చెప్పడం నా ఉద్యోగం.

ఇక నిదానంగా చదువు. ఈసారి బాపును లోపలికి పిలిచి, తలుపు దగ్గరకు వేసి చదువు.

సద్దుల బతుకమ్మ నాడు అవ్వను మా వాడకట్టు ఆడవాళ్ల మధ్య అరుగు మీద కూర్చోబెట్టాం. పాట ఎత్తుకోగానే అవ్వ కూడా ఎత్తుకుంది రా. మంచినీళ్లు అని అడగలేని మనిషి, ఒక్క మాట తడబడకుండా మొదటి నుంచి చివరి దాకా పాడింది. నేను ఆట మరిచి నిలబడిపోయాను. ఆట అయ్యాక వాళ్లంతా ఒక కొత్త కోడలిని పట్టుకుని, మొగుని పేరు చెబితేనే సద్ది పెడతామని ఆటపట్టించారు. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయి అవ్వ వెనక దాక్కుంది. అవ్వ ఆ పిల్లను కొంగుతో కప్పి, అందరివైపూ చూసి, ఎడమచేతి వేలు పెదవుల మీద పెట్టుకుంది. చెప్పొద్దు అన్నట్టు.

నా తలలో అప్పుడు దీపం వెలిగింది. రామ్‌దాస్, మన అవ్వ బాపు పేరు ఎప్పుడు చెప్పిందిరా ఇప్పుడు చెప్పడానికి? మొగుని పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని నమ్మే మనిషి. మనకు చెప్పిన కథలు గుర్తు తెచ్చుకో. వాటిల్లో రాణి ఉండేది, ఏడుగురు కొడుకులుండేవాళ్లు, రాజు మాత్రం ఉండేవాడు కాదు. 'గద్దె మీదాయన' ఉండేవాడు. బాపు పేరులో సగం రాజు కాబట్టి ఆ సగం కూడా పలకదు. గద్దె మీదాయనను రాజంటారని నాకు బడికి పోయాకే తెలిసింది. వెనక వాడలో ఇంకో రాజలింగు ఉంటే అతన్ని 'పొట్టి పిలగాడు' అంటుంది. అతనికి మనవలు పుట్టినా పొట్టి పిలగాడే. ఇవన్నీ చూస్తూ పెరిగినదాన్ని, పట్నం గాలికి మా ఆయన పేరు బడి కాగితాల మీద రాసీ రాసీ, నాకు తట్టకపోవడం ఏమిటి? నీకైనా తట్టకపోవడం ఏమిటి? బాపుకైనా?

డాక్టరు గారికి చెబితే ఆయన, మా అమ్మగారూ అంతేనమ్మా, తెల్లకోటు వేసుకోగానే మా ఇల్లు మరిచిపోయాను అని నవ్వాడు.

కాబట్టి అవ్వ బాపును మరిచిపోయిందని ఎవరూ అనొద్దు. దాచుకుందని నేనంటాను. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. మరిచిందో దాచుకుందో తేల్చుకునే దారి లేదు. నేను ఇంట్లో ఒంటరిగా ఒకసారి అడిగి చూశాను. అవ్వ నాలుక కరుచుకుని రెండు చెంపలూ వేసుకుంది, వేసుకుని నా చెంప మీద కూడా ఒకటి వేసింది. దాన్నిబట్టి నువ్వే అర్థం చేసుకో.

పెనం వెల్లకిలా తిప్పించు.

అక్క,
తారాబాయి


మోస్రా
20 అక్టోబరు 1967

అక్కకు,

తలుపు వేసే చదివాను. గద్దె మీదాయన దగ్గరికి వచ్చేసరికి బాపు పెదవులు కదిలాయి, నవ్వాపుకున్నాడని నా అనుమానం. చెంప మీద వేసిందన్నప్పుడు మాత్రం బయటికే నవ్వాడు. ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

తెల్లారేసరికి మళ్లీ మొదలు. చెప్పకుంటే యాదికున్నట్టు ఎర్కయ్యేదెట్ల అని ఎద్దును అడిగాడు. నేను ఎద్దు తరఫున, అక్కతో ఇంకోసారి అడిగిద్దాం, వైద్యం కోసమని చెబితే తప్పులేదు కదా అన్నాను. బాపు నా వైపు తిరిగి నాతోనే చెప్పాడు.

"అడిగి చెప్పించుకున్న పేరు నాకొద్దు. ఎవ్వలడగద్దు."

అక్కా, ఈ ఇంట్లో ఆత్మగౌరవం చెరుకు కంటే బాగా పండుతోంది. పెనం ఇంకా బోర్లానే ఉంది. అయితే అవ్వ వచ్చి పీట మీద కూర్చుని తన నోటితో చెబితే దించుతానంటున్నాడు, లేకపోతే లేదు. అవ్వకు ఆ ఒక్క మాట నేర్పు. అన్ని మాటలూ వద్దు, 'దించుండ్రి' వస్తే చాలు. రాకపోతే ఏం చేయాలో కూడా ఆలోచించాను. ఎద్దు మెడలో గంట ఒకటి ఈ ఉత్తరం తెస్తున్న మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. పాకం పదునుకు రాగానే అవ్వ ఎడమ చేత్తో గంట కొట్టినా మాకు వినబడుతుంది. మరీ కాదంటే లింబయ్యను ఒక పక్కన నిలబెడతాను, అవసరమైతేనే.

రామ్‌దాస్


నిజామాబాద్
28 అక్టోబరు 1967

రామ్‌దాస్‌కు,

నీ గంట అందింది. అవ్వకు ఇచ్చి, ఎందుకో వివరించాను. అటూ ఇటూ తిప్పి చూసింది, ఒకసారి ఊపింది. తర్వాత గోడ పట్టుకుంటూ వాకిలి దాటి పోయి పక్కింటివాళ్ల మేక మెడకు కట్టి వచ్చింది. ఒక్క చేత్తో ఎలా కట్టిందో నాకు తెలియదు. ఆ మేక ఇప్పుడు మా వాడకట్టంతా మోగిస్తూ తిరుగుతోంది.

లింబయ్యను పక్కన నిలబెడతావా? అవ్వ పీట మీద అప్పుడే అతనికి చాప పరుస్తున్నావా? నువ్వు బాపు కంటే ముందే అవ్వను పక్కకు పెట్టేశావని నాకు అనిపించింది, అనిపించింది కాబట్టి రాస్తున్నాను. ఒక్క మాటతో నలుగురు మగాళ్లను కదిలించిన మనిషి మన అవ్వ. మాట దొరకనంత మాత్రాన ఆమె వేళ్లకు పాకం తెలియకుండా పోలేదు.

నేర్పుతూనే ఉన్నాను. 'ది' అనగానే దివ్వె అంటుంది, దిన్నె అంటుంది. నోట్లోనే ఆడుతున్నట్టు పెదవులు వణుకుతాయి, ఇదిగో వచ్చింది అనుకునేసరికి జారిపోతుంది. మొన్న మాత్రం అన్నం పొంగుతుంటే నేను చూడలేదు. వెనక నుంచి "దించుండ్రి" అని వినబడింది. అచ్చం పెనం దగ్గర అన్నట్టే. పరుగెత్తి వచ్చి మళ్లీ అనవే అవ్వా అంటే ఏమీ లేదు. వెతికితే రాదు రా అది. వెతకనప్పుడు వస్తుంది. దాన్ని ఎవరూ వెంటపడి పట్టుకోలేరని నాకు అర్థమైంది. గోడ మీది పటాన్ని ఇక అవ్వకు చూపించడం మానేశాను.

దీపావళి కాగానే అవ్వను తెచ్చి దింపుతాను. పెనం నాటికి ఉండలేను, బడి తనిఖీ ఉంది. ఏం జరిగినా ఉన్నది ఉన్నట్టు రాయి. మంచైనా చెడైనా కార్డు మీద మాత్రం రాయకు.

తారాబాయి


మోస్రా
13 నవంబరు 1967

అక్కకు,

నిన్న మొదటి పెనం ఎక్కింది. వరసగా రాస్తాను, మధ్యలో చివరి పేజీ చూడకు.

నువ్వు దింపి వెళ్లిన సాయంత్రమే అవ్వ దొడ్లోకి పోయి బోర్లించిన పెనాన్ని చూసింది. చేతికర్రతో దాని వీపు మీద రెండు దెబ్బలు కొట్టింది. బాపు కొట్టంలోంచి వచ్చి, నన్నొక పక్క పట్టమని, వెల్లకిలా తిప్పాడు. అవ్వ లోపలికి వెళ్లిపోయింది. ఇద్దరి మధ్య రాయబారం అంతే. నువ్వు తెచ్చి వదిలిన నాటి నుంచీ ఇద్దరూ ఒకరికొకరు కొత్తవాళ్లలా ఉన్నారు. ఆమె మాట రాక, ఈయన అడగలేక.

నిన్న ఎప్పుడూ లేనంత మంది వచ్చారు. బెల్లం కోసం కాదు, అవ్వ చెప్పగలదా లేదా చూడటానికి. నీ కార్డు పుణ్యం. లింబయ్య కూడా వచ్చాడు. నేనే రమ్మన్నాను, తిట్టుకుంటే తిట్టుకో. ఊరి ముందు అవ్వ ఓడిపోతే ఆ క్షణంలో ఎవరో ఒకరు మాట అందుకుని ఆమె పరువు కాపాడాలనే పిలిచాను. బాపు అతన్ని చూసి బీడీ ఇచ్చి, చెరుకు పిప్పి కుప్ప అవతల కూర్చోమన్నాడు.

పాకం దగ్గరపడింది. కట్టెలు దూర్చి నిలబడ్డాం. నేను తుండుగుడ్డ కొంచెం కిందికి జరుపుకుని అవ్వనే చూస్తున్నాను, కళ్లు మండుతున్నా సరే. అవ్వ ఎడమ చేత్తో చుక్క నీళ్లలో వేసి నలిపింది, విదిలించింది. ఇంకో చుక్క, అదీ విదిలించింది. మూడో చుక్క నలిపి చెయ్యి అక్కడే ఆపింది. పదునుకు వచ్చిందని నాకు అర్థమైంది. అవ్వ నోరు తెరిచింది.

మాట రాలేదు.

"గది" అన్నది. "గది... గది..." అని పెదవులు కొట్టుకుంటున్నాయి. పాకం బుడగలు పెద్దవవుతున్నాయి. లింబయ్య లేచి నిలబడటం కనబడింది. నేనే అరిచేద్దామనుకున్నాను. అక్కా, నా జన్మలో అంత పొడుగు క్షణం చూడలేదు. అవ్వ ఒక్కసారి తల తిప్పి ముందున్న బాపు భుజం వైపు చూసింది.

"రాజలింగూ!"

ఆ గొంతు ఏడుపు గొంతు కాదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు మీది మనిషిని పిలిచే గొంతు. బాపు భుజం లేచింది. ఆయన భుజం లేచింది కాబట్టి మావీ లేచాయి. పోసేశాం. తొట్టిలో పాకం సర్దుకునేదాకా ఏం జరిగిందో ఎవరికీ తట్టలేదు. తట్టగానే ఆడవాళ్లంతా నోళ్లు నొక్కుకున్నారు. గంగమణి చేతిలో చెంబు జారింది. అవ్వ తన నోటికి ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుంది. బాపు మాకు వీపు పెట్టి తొట్టి దగ్గరే నిలబడి తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటూ ఉన్నాడు. ఎంతసేపటికీ తుడుచుకోవడం అయిపోలేదు. అడిగితే ఆవిరన్నాడు.

బెల్లం బంగారం రంగులో వచ్చింది. లింబయ్య ఒక ముక్క తిన్నాడు, ఇంకో ముక్క తీసుకున్నాడు. పోయేటప్పుడు అవ్వ పీటకు దండం పెట్టి పోయాడు. అక్కా, నువ్వు పక్కన లేవు గానీ, ఉంటే నీ గుండె కూడా నాలాగే ఉబ్బిపోయేది. దాచుకుందని నువ్వు రాశావు. నిజమే, దాచుకుంది. అన్ని మాటలూ చెల్లాచెదురైన ఇంట్లో అదొక్కటి మూట విప్పకుండా ఉంది.

పొద్దుగూకాక బాపు మంచం మీద కూర్చుని ఎద్దుతో కాదు, నాతోనే అన్నాడు.

"నా పేరు గింత మంచిగుంటదని నాకు గిన్నేండ్లు ఎర్కలే."

రేపు బెల్లంతో లింబాద్రి గుట్టకు బయలుదేరుతున్నాం. అవ్వ కూడా వస్తానని బండి ఎక్కి కూర్చునే ఉంది. కార్డు మీద రాయొద్దన్నావు కాబట్టి కవరులో పెట్టి పంపుతున్నాను. కానీ సాయన్నను పిలిచి మొత్తం నేనే చదివి వినిపించాను. ఇప్పటికి వర్ని దాకా చేరి ఉంటుంది.

తమ్ముడు,
రామ్‌దాస్


నిజామాబాద్
18 నవంబరు 1967

రామ్‌దాస్‌కు,

నువ్వు వద్దన్నావనే చివరి పేజీ ముందు చూశాను. చూసి, మళ్లీ మొదటి నుంచి చదివాను. బడిలో చదివాను. ముఖం కడుక్కుని వచ్చేదాకా పిల్లలు అల్లరి చేయకుండా కూర్చున్నారు, వాళ్లకేం అర్థమైందో మరి. మీ బావ విని, మా ఏర్గట్ల పసుపుకు ఇలాంటి కథ ఒక్కటీ లేదే అని చిన్నబుచ్చుకున్నాడు.

లింబయ్యను పిలిచినందుకు తిట్టాలనే ఉంది. పీటకు దండం పెట్టాడు కాబట్టి ఇద్దరినీ వదిలేస్తున్నాను.

గోడ మీది పటం తీసి బడికి ఇచ్చేశాను. ఆవు, ఇల్లు, ఉడుత. నేను ఒక్కొక్క మాటా పట్టుకుని లాగాను. అవ్వ తనకు కావలసిన చోట కావలసిన మాట తెచ్చుకుంది. చంద్రవ్వ కూతురినని మొన్న తనిఖీకి వచ్చినాయనకు కూడా చెప్పాను, ఆయన అడగకపోయినా.

ఒకటి రాయి. పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని అవ్వ దిగులు పడుతోందా? బాపు ఏమంటాడు? మళ్లీ పిలిచిందా?

అక్క,
తారాబాయి


మోస్రా
4 ఫిబ్రవరి 1968

అక్కకు,

జవాబు ఆలస్యమైంది. గానుగ నడిచినన్నాళ్లూ చేతులు ఖాళీ లేవు, బెల్లం అంటిన చేత్తో కాగితం ముట్టుకుంటే నువ్వు తప్పులు దిద్దడానికి కూడా వీలుండదు.

అవ్వ దిగులు పడింది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు, గుట్ట మీద సామికి ఏవో మొక్కింది. బాపు మెట్ల మీద పక్కన కూర్చుని, "తరిగితె తరగనియ్యి, గా పిలుపుకు గంత ఇయ్యచ్చు" అన్నాడు. అవ్వ మూతి తిప్పుకుని, తెచ్చిన సద్ది విప్పి ఇద్దరికీ పెట్టింది.

మళ్లీ పిలిచిందా అని అడిగావు. చలికాలమంతా పిలిచింది. ప్రతి పెనానికీ ముందు 'దించుండ్రి' కోసం వెతికేది, దొరక్కపోయేది, పాకం ఆగదు కదా, చివరికి పేరు పెట్టి పిలిచేది. పిలిచి కొంగు కప్పుకునేది. ఊరి ఆడవాళ్లు నవ్వితే ఎడమచెయ్యి ఎత్తి బెదిరించేది. పెనం ఎక్కే రోజు బాపు పొద్దున్నే స్నానం చేసి ఉతికిన తుండుగుడ్డ చుట్టుకునేవాడు. పెనం మోయడానికి ఉతికిన బట్టలెందుకని నేను అడగలేదు.

మిగతా మాటలు కూడా ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. దువ్వెనను దువ్వెన అంటోంది. గంగమణిని పనికి పురమాయించడానికైతే ఏ మాటా తడుముకోవడం లేదు.

నిన్న ఈ ఏటి ఆఖరి పెనం. చుక్క నలిపింది, నోరు తెరిచింది. ఏ తడబాటూ లేకుండా, పోయినేడు అన్నట్టే, "దించుండ్రి" అన్నది. అక్కా, వెనక ముగ్గురం కట్టెలు బిగించాం. ముందు భుజం లేవలేదు. అవ్వ ఇంకోసారి అన్నది. లేవలేదు. బాపు ఉన్నచోటే ఉన్నాడు, చెవి అటువైపే పెట్టి. మాడు వాసన వస్తుంటే అవ్వ పీట మీంచి లేచి కర్ర నేలకేసి కొట్టి, పేరు పెట్టి అరిచింది. అప్పుడు దించాడు.

ఇన్నేళ్లలో మన ఇంట్లో మాడిన మొదటి పెనం ఇది. చెవులు మూసుకపోయినయా అని అవ్వ నిలదీసింది. ఇప్పుడు ఆమెకు మాటలకు కొదువ లేదు. బాపు తుండుగుడ్డ విప్పి భుజాన వేసుకుని చెప్పాడు.

"నువ్వు పిలువకుంటె నేనెట్ల లేపుత?"

అవ్వ మూతి తిప్పుకుంది. కాసేపటికి ఇంట్లోంచి, బాపును చాయ్ తాగడానికి రమ్మని పిలుపు వినబడింది. ఎలా పిలిచిందో నేను రాయను. మీ బావకు కూడా చెప్పకు.

మాడిన బెల్లం ముక్క ఒకటి ఈ ఉత్తరం తెచ్చే మనిషితో పంపుతున్నాను. నల్లగా ఉందని పారేయకు. బాపు స్వయంగా గుడ్డలో కట్టి ఇచ్చాడు, ఊళ్లో ఇంటింటికీ తనే తిరిగి పంచుతున్నాడు.

ఇట్లు,
రాజలింగు, చంద్రవ్వల కొడుకు
రామ్‌దాస్